పాత జీపుకి కొత్త పెట్రోల్ ట్యాంకు: ఏది పెట్టిస్తే నిలబడుతుంది?

పెట్రోల్ వాసన హాల్లోకి వస్తోందని మా ఆవిడ మూడు రోజులుగా చెబుతూనే ఉంది. పాత బండి అన్నాక ఆ మాత్రం వాసన రాదా అని నేను కొట్టిపారేశాను. నాలుగో రోజు పొద్దున చూస్తే జీపు కింద గచ్చు మీద చేటంత మరక. ముందు సీటు తీసి, ట్యాంకు అడుగున వేలు పెట్టి రాస్తే ఎర్రటి తుప్పు, దాంతోపాటు చల్లగా పెట్రోల్. మాది 1974 మహీంద్రా సీజే3బీ, హరికేన్ పెట్రోల్ ఇంజిన్. వయసుకు తగ్గ రోగాలన్నీ ఉన్నాయి దానికి. వాటిలో నిజంగా భయపెట్టింది మాత్రం ఇదే.

తర్వాతి ఏడాదిలో రెండు ట్యాంకులు చేయించాను. మొదటిది పాత సామాన్లవాడికి పోయింది, రెండోది బండిలో ఉంది. ఆ మొదటి ట్యాంకు ఖర్చు మీకు తప్పాలనే ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అందరూ మొదట అడిగేది "ఏ మెటల్‌తో చేయించాలి?" అని. నా లెక్కలో అది మూడో ప్రశ్న. పాత ట్యాంకు నిజంగా పోయిందా అన్నది మొదటిది. కొత్తది మీ బండిలో ఉన్న చోటుకి, ఉన్న పైపులకి, ఉన్న మీటరుకి కుదురుతుందా అన్నది రెండోది. ఈ రెండూ తేలాక మెటల్ సంగతి సగం దానంతటదే తేలిపోతుంది.

పోయింది ట్యాంకేనా?

ట్యాంకు కారుతోందని షాపుకి వచ్చే బండ్లలో కొన్నింటికి అసలు ట్యాంకు బాగానే ఉంటుంది. పెట్రోల్ పోసే గొట్టానికీ ట్యాంకుకీ మధ్య ఉండే రబ్బరు హోస్ పగిలి ఉంటుంది, లేదా మీటరు యూనిట్ (ట్యాంకులో పెట్రోల్ మట్టం చూసి డాష్‌బోర్డు మీటరుకి చెప్పే భాగం) కింద గాస్కెట్ ఎండిపోయి ఉంటుంది, లేదా పైపు బిగించే నట్టు దగ్గర చెమ్మ ఉంటుంది. తేల్చుకోవడం తేలిక. ట్యాంకుని బాగా తుడిచి, జాయింట్ల చుట్టూ ముగ్గుపిండి చల్లండి. ఎక్కడ మొదట నల్లగా తడిస్తే కారడం అక్కడే. ఫుల్ చేసినప్పుడు మాత్రమే కారి, సగానికి దిగాక ఆగిపోతే లోపం పైభాగంలో ఉన్నట్టు. అది గాస్కెట్‌తోనో హోస్‌తోనో పోతుంది. పావు ట్యాంకు ఉన్నా కారుతోందంటే అడుగు పోయింది.

మాది అడుగే. ఈ జీపులో ట్యాంకు సీటు కింద గుంటలాంటి చోట కూర్చుంటుంది. బండి కడిగిన నీళ్లు, వానాకాలం బురద అందులోకి చేరతాయి. నీళ్లు పోవడానికి ఉన్న చిల్లు ఏళ్ల తరబడి మట్టితో మూసుకుపోయింది. అంటే లోపలి నుంచి కాదు, బయట నుంచే తినేసింది. కొత్త ట్యాంకు పెట్టేవాళ్లు ముందు ఆ చిల్లు తెరవకపోతే, ఎంత ఖరీదైనది పెట్టినా అదే కథ మళ్లీ మొదలవుతుంది.

లోపలి సంగతి తెలియాలంటే పెట్రోల్‌ని తెల్లటి గుడ్డలోంచి వడకట్టి చూడాలి. మెత్తటి ఎర్రపొడి వస్తే పైపై తుప్పు, కడిగితే పోతుంది. పెచ్చులు వస్తే రేకు పొరలు పొరలుగా లేచిపోతోందని అర్థం. ఫోన్‌కి తగిలించుకునే సన్న కెమెరా వైరు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. మీటరు యూనిట్ తీసిన చిల్లులోంచి లోపలికి పంపి చూడొచ్చు, కానీ ట్యాంకుని నీళ్లతో కడిగి, ఆవిరి పోయాకే. ఆ కెమెరాలో కరెంటు ఉంటుందన్నది మర్చిపోవద్దు.

మా మెకానిక్ ఉస్తాద్‌కి కెమెరా అక్కర్లేకపోయింది. స్క్రూడ్రైవర్ పిడితో అడుగంతా చిన్నగా కొట్టుకుంటూ పోయాడు. ఒకచోట ఖంగుమంది, ఇంకోచోట డబ్‌మంది. డబ్‌మన్న చోట ఆగి, "సార్, ఈడ రేకు లేదు. తుప్పే రేకు లెక్క నిలబడ్డది" అన్నాడు. ఆ మాట మీద ఇక నేను రిపేరు ఊసెత్తలేదు.

పాతదాన్నే బాగు చేయించుకోవడం

రేకు గట్టిగా ఉండి, పైపై తుప్పు మాత్రమే ఉంటే పాత ట్యాంకుని మించింది లేదు. చోటు, పైపులు, మీటరు అన్నీ కుదిరి ఉంటాయి. పైగా పాత ట్యాంకులు చాలావరకు టెర్న్ షీటుతో చేసేవారు. ఇత్తడి గిన్నెకి కళాయి వేసినట్టు ఇనుప రేకు మీద సీసం, తగరం కలిపిన పూత అది. బాగున్నన్నాళ్లు బాగా కాపాడుతుంది. సీసం ఉంటుంది కాబట్టి గ్రైండర్ పెట్టి గీకించకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు.

కడగడానికి నిమ్మ ఉప్పు చాలు. వేడినీళ్లలో కలిపి పోసి, గుప్పెడు నట్లు, ఒక సైకిల్ చైను ముక్క వేసి, అటూ ఇటూ దొర్లిస్తూ ఒక రోజు ఉంచాలి. తర్వాత వంటసోడా నీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టాలి. గంటల్లోనే మళ్లీ నారింజ రంగు తిరుగుతుంది కాబట్టి ఆ రోజు ఇంకే పనీ పెట్టుకోకండి. బాత్‌రూమ్ యాసిడ్ పోస్తే త్వరగా అవుతుందని చెప్పేవాళ్లు ఉంటారు. త్వరగానే అవుతుంది, మంచి రేకుతో సహా.

కడిగాక లోపల ఎపాక్సీ పూత పోయించుకోవాలా? ఇక్కడ నాకు కాస్త అనుమానం ఎక్కువ. లోపల తుప్పూ జిడ్డూ లేకుండా, పూర్తిగా ఆరి ఉంటేనే పూత పట్టుకుంటుంది. మూసి ఉన్న డబ్బాలో ఆ మూలల్లో ఏముందో ఎవరు చూశారు? పైగా ఇప్పుడు బంకుల్లో మామూలుగా దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. పాత రకం పూతలు కొన్ని ఇథనాల్‌కి మెత్తబడి పొరలుగా ఊడతాయి. ఊడిన పొర నేరుగా పోయి పైపు మూతికి అడ్డం పడుతుంది. పూత వేయించేటట్టయితే డబ్బా మీద ఇథనాల్‌కి తట్టుకుంటుందని రాసి ఉందో లేదో చూసుకోండి. చిల్లు పడిన ట్యాంకుకి పూత వేయడం అంటే అసలు పనిని వాయిదా వేయడమే.

చిల్లుకి మాటు వేయించేవాళ్లు ఈ ఒక్క పేరా జాగ్రత్తగా చదవండి. పెట్రోల్ ఉన్న ట్యాంకు కంటే ఖాళీ చేసిన ట్యాంకు ప్రమాదం. గాలిలో పెట్రోల్ ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే అంటుకుంటుంది. ఖాళీ ట్యాంకులో సరిగ్గా ఆ పాళ్లే తయారవుతాయి. "వారం నుంచి ఎండలో పెట్టిన, ఏం కాదన్నా" అనే మాట నమ్మకండి. మడతల్లో, తుప్పు కింద ఇంకిన పెట్రోల్ వెల్డింగ్ వేడికి మళ్లీ ఆవిరవుతుంది. ట్యాంకులు, రేడియేటర్లు మాటు వేయడమే పనిగా ఉన్నవాళ్లు ముందు ఆవిరితోనో మరిగే సోడా నీళ్లతోనో కడిగి, నీళ్లు నింపి, పని చేసే చోట మాత్రమే కాస్త ఖాళీ ఉంచుతారు. అలా చేయని షాపు ముందు నిలబడనే వద్దు.

పాత మార్కెట్ ట్యాంకు, రెడీమేడ్ ట్యాంకు

మా హైదరాబాద్‌లో ఆటోనగర్ వైపు తుక్కు బండ్ల నుంచి తీసిన ట్యాంకులు దొరుకుతాయి. చవక. కానీ మీ ట్యాంకుకి యాభై ఏళ్లయితే దానికీ యాభై ఏళ్లే. బయట కొత్త నల్ల పెయింటు కొట్టి ఉంటే మరీ అనుమానించండి. మీ ట్యాంకు ఆకారం పూర్తిగా పాడై, కొలతలకి నమూనా కావాలనుకుంటే మాత్రం ఒకటి కొనుక్కోవచ్చు. నేను కొన్నది అందుకే, దాన్ని బండికి ఎక్కించలేదు.

రెడీమేడ్ కొత్త ట్యాంకులు కూడా ఉన్నాయి. ఓపెన్ జీపులు తయారు చేయడానికి పేరుపడ్డ హర్యానాలోని మండీ డబ్వాలీ లాంటి చోట్ల నుంచి పాత జీపుల బాడీ భాగాలతో పాటు వస్తాయి. రాణిగంజ్, పుత్లీబౌలి స్పేర్ పార్ట్స్ షాపుల్లో అడిగితే తెప్పిస్తారు. మామూలు ఇనుప రేకు, పైన పెయింటు. తీసుకునే ముందు రెండు చూడాలి. మీ మీటరు యూనిట్ స్క్రూ చిల్లులు దాని చిల్లులకి కలుస్తున్నాయా? పెట్రోల్ పోసే మూతి మీ బాడీ చిల్లుకి ఎదురుగా వస్తోందా? సీజే3బీది అని అమ్మినంత మాత్రాన మీ సీజే3బీకి కుదరాలని లేదు. ఇన్నేళ్లలో ఎవరు ఏ బాడీ ఎక్కించారో బండికే తెలియదు. రెండూ కలిస్తే మాత్రం ఎక్కువ ఆలోచించకుండా తీసుకోండి. చేయించుకునే తలనొప్పి సగం తప్పుతుంది.

మారుతి జిప్సీ ఉన్నవాళ్ల పని ఇంతకంటే తేలిక. 1985 చివర్లో మొదలై 2010ల దాకా తయారైన బండి కాబట్టి ట్యాంకు దొరకడం పెద్ద సమస్య కాదు. ఒక్కటే జాగ్రత్త: కార్బురేటర్ జిప్సీ ట్యాంకు, ఎంపీఎఫ్ఐ (పెట్రోల్ ఇంజెక్షన్) జిప్సీ ట్యాంకు ఒకటే అనుకోకండి. ఇంజెక్షన్ బండికి పంపు అమరిక, రిటర్న్ లైను (మిగిలిన పెట్రోల్ ట్యాంకుకి తిరిగొచ్చే పైపు) వేరుగా ఉంటాయి.

చేయించుకుంటే ఏ రేకు?

ముందు వద్దన్నది చెబుతాను, ఎందుకంటే నా మొదటి ట్యాంకు అదే. జీఐ రేకు. షాపులో "ఇది తుప్పు పట్టదు సార్, నీళ్ల పైపులు దీనివే కదా" అన్నారు. నాకూ సబబుగానే అనిపించింది. నాలుగు నెలలకి ఫిల్టర్ గాజు గిన్నెలో సున్నం తేటలాంటి తెల్లటి పొడి పేరుకోవడం మొదలైంది. జీఐ మీద ఉండేది జింకు పూత. ఇథనాల్, దానితో పాటు ట్యాంకులోకి చేరే తేమ కలిసి ఆ జింకుని మెల్లగా తినేస్తాయి. ఆ తెల్లపొడి కార్బురేటర్ జెట్లలోకి పోయి కూర్చుంటుంది. డీజిల్‌కి కూడా జింకు పడదు. జీఐ రేకుని ఇంటికప్పుకి వాడుకోండి, ట్యాంకుకి వద్దు.

మామూలు ఇనుప రేకు, షాపుల్లో సీఆర్ షీటు అంటారు, సంప్రదాయమైన దారి. 18 గేజి అంటే సుమారు 1.2 మిల్లీమీటర్లు, 16 గేజి అంటే 1.6. వంచడం తేలిక, వెల్డింగ్ తేలిక, కుదుపులకి పగలదు, పాడైతే ఏ ఊళ్లోనైనా బాగు చేస్తారు. లోపం ఒక్కటే, తుప్పు. బండి ప్రతివారం తిరుగుతూ ట్యాంకు ఎక్కువగా నిండి ఉంటే ఇది చాలా ఏళ్లు వస్తుంది. నెలల తరబడి షెడ్డులో ఉండే బండికైతే, సగం ఖాళీ ట్యాంకులో రాత్రి చల్లదనానికి లోపలి గోడలకి చెమ్మ పడుతుంది. ఇథనాల్ కూడా గాలిలోని తేమని లాగుతుంది. నీళ్లు మరీ ఎక్కువైతే ఇథనాల్ పెట్రోల్‌ని వదిలేసి నీళ్లతో కలిసి అడుక్కి దిగుతుంది. ఇనుప ట్యాంకు అడుగుకి అంతకంటే శత్రువు లేదు.

అల్యూమినియం గురించి కుర్రాళ్లు చాలా ఉత్సాహంగా మాట్లాడతారు. తేలికట. సరే, లెక్క వేద్దాం. 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 18 ఎత్తు ఉన్న డబ్బాలో 43 లీటర్లు పడతాయి. దాని ఆరు ముఖాలు కలిపితే 0.84 చదరపు మీటర్ల రేకు. 18 గేజి ఇనుముతో చేస్తే 8 కిలోల లోపు. అల్యూమినియాన్ని అంత పల్చగా వాడలేం, 3 మిల్లీమీటర్లు పెట్టాలి. అప్పుడు 7 కిలోలకి కాస్త తక్కువ. మిగిలింది ఒక కిలో. అందులో పోసే పెట్రోలే ముప్ఫై కిలోలు! రేస్ బండికి ఆ కిలో విలువ ఉందేమో, మన టన్ను పైబడిన జీపుకి లేదు. దానికి తోడు అల్యూమినియం వెల్డు పక్కన కుదుపులకి సన్నగా చీలుతుంది. ఇనుప పట్టీ నేరుగా తగిలిన చోట, తడి ఉంటే, తెల్లగా పూసి తినుకుపోతుంది. మంచి 5052 గ్రేడు షీటు, దాని మీద చేయి తిరిగిన ఆర్గాన్ వెల్డర్ దొరికితే చేయించుకోండి. చూడ్డానికి అందంగా ఉంటుంది, కాదనను.

నేను చివరికి దిగింది స్టెయిన్‌లెస్ స్టీలు దగ్గర. ఎస్ఎస్ 304, 1.5 మిల్లీమీటర్లు. నా డబ్బా కొలతల్లో సుమారు 10 కిలోలు. రేకు ఖరీదు ఎక్కువ, వెల్డింగ్ కూలీ ఎక్కువ. కానీ లోపలా బయటా తుప్పు బెంగ ఉండదు, పూత ఊడే టెన్షన్ ఉండదు, ఇథనాల్‌కి చలించదు. ఎప్పుడో ఆదివారం తీసే నాలాంటి వాళ్ల బండికి ఇదే సరి.

దీనికి వేరే బండి షాపుకి వెళ్లాల్సిన పని కూడా లేదు. హోటళ్ల వంటగది సామాన్లు చేసే ఫ్యాబ్రికేషన్ షాపులు బాలానగర్, జీడిమెట్ల వైపు ఉన్నాయి. ఇడ్లీ స్టీమర్లు, సింకులు చేసే చేతులవి, సన్న రేకుని వంకర పోకుండా వెల్డ్ చేయడం వాళ్లకి రోజూ పనే. అయితే ఒక మోసం గమనించాలి. 304 అని చెప్పి 202 రేకు పెట్టేస్తారు. అయస్కాంతం పెట్టి చూస్తే లాభం లేదు, రెండూ అంటుకోవు. స్టీలు షాపుల్లో చిన్న సీసాలో పరీక్ష ద్రావణం ఉంటుంది. రేకు మీద ఒక చుక్క వేస్తే రంగుని బట్టి తేడా తెలుస్తుంది. కోయకముందే అడగండి. కోశాక ఎవరూ వెనక్కి తీసుకోరు.

ఎస్ఎస్‌కీ ఒక బలహీనత ఉంది. బిగుసుకుపోయేలా బోల్టులు కొడితే కుదుపులకి వెల్డు పక్కనే చీలుతుంది. అందుకని మూలల దగ్గర వెల్డు రాకుండా, రేకుని రెండు 'యూ' ముక్కలుగా గుండ్రంగా వంపించి కలిపించుకోండి. ట్యాంకుకి చెవులు అతికించి బోల్టు వేయకుండా, పాత పద్ధతిలో పట్టీలతోనే బిగించండి. పట్టీ కింద రబ్బరు పెట్టాలి, గోనె, గుడ్డ, ఫెల్ట్ వద్దు. అవి తడిని పట్టుకుని కూర్చుంటాయి.

ప్లాస్టిక్ సంగతి రెండు మాటల్లో. ఇప్పటి కార్లలో ఎక్కువగా ఉండేది అదే, తుప్పు ప్రసక్తే లేదు. కానీ అది అచ్చులో పోసిన ఆకారంలోనే వస్తుంది. మీ సీటు కింద గుంటకి కుదిరే అచ్చు దొరకాలి కదా. వెనకాల బాడీలో చోటు చేసుకుని పెట్టుకునేవాళ్లకి పడవల కోసం చేసే రెడీమేడ్ ఇంధన ట్యాంకులు పనికొస్తాయి. ఇంటి మీద నీళ్ల ట్యాంకు కూడా ప్లాస్టిక్కే కదా, దానితో చేస్తే పోలా అని మా తోడల్లుడు సరదాకే అన్నాడనుకుంటా. నీళ్ల ట్యాంకు ప్లాస్టిక్ పెట్రోల్‌కి పనికిరాదు.

షాపువాడికి కాగితం మీద ఏం రాసివ్వాలి

నా మొదటి ట్యాంకులో జీఐ రేకు ఒక తప్పయితే, రెండో తప్పు నాది. కొలతలు ఇచ్చి ఊరుకున్నాను. లోపల ఏముండాలో చెప్పలేదు. ఖాళీ డబ్బా చేసి ఇచ్చారు. వికారాబాద్ దాటి అనంతగిరి గుట్ట ఎక్కుతుంటే, పావు ట్యాంకు చూపిస్తూనే ఇంజిన్ దగ్గి ఆగిపోయింది. వెనక ఆర్టీసీ బస్సు హారన్. దిగి చూస్తే పెట్రోల్ అంతా వాలుకి వెనక్కి పోయింది, పీల్చే పైపు ముందువైపు గాలిలో ఉంది. పిల్లలు దిగి తోస్తుంటే బండిని వెనక్కి మళ్లించి దింపాను.

అందుకని ఈసారి గీసి ఇచ్చాను. లోపల రెండు అడ్డు రేకులు. వాటి కింది మూలలు కోసి, పెట్రోల్ మెల్లగా పారేలా. అడుగు మధ్యలో అరచేయంత పల్లం. పీల్చే పైపు అందులోకి దిగాలి, కానీ అడుగుకి తగలకుండా ఒక సెంటీమీటరు పైన ఆగాలి. లేకపోతే అడుగున చేరే నలుసులన్నీ పీల్చుకుంటుంది. పల్లం కింద నీళ్లు తీసేయడానికి ఒక డ్రైన్ ప్లగ్గు. మీటరు యూనిట్‌కి పాత చిల్లుల కొలతే. గాలి లోపలికి పోయే దారి పాత బండికి మూతలోనే ఉంటుంది. ఆ మూత బదులు గాలి చొరబడని కొత్త మూత బిగిస్తే కాసేపటికి పెట్రోల్ రావడం ఆగిపోతుంది, మూత తీయగానే బుస్సుమంటుంది. అది చూసి పంపు మార్చినవాళ్లు నాకు తెలుసు.

పెట్రోల్ ఇంజిన్ తీసేసి డీజిల్ ఎక్కించిన జీపులు మన దగ్గర తక్కువేం కాదు. వాళ్లు రిటర్న్ పైపు మర్చిపోవద్దు. అది పీల్చే పైపుకి దూరంగా, అడ్డు రేకుకి అవతల దిగాలి. లేకపోతే తిరిగొచ్చే నురగనే పంపు మళ్లీ పీలుస్తుంది.

హోస్‌లు, గాస్కెట్‌లు పాతవి వాడకండి. రాణిగంజ్‌లో ఇథనాల్‌కి తట్టుకునే ఫ్యూయల్ హోస్ అని అడిగి, దాని మీద ఆర్9 అని ఉందో లేదో చూడండి. పాత మీటరు యూనిట్‌లో బెండు తేలుడు ముక్క ఉంటే దాన్నీ మార్చాలి. దాని మీద లక్క పూత ఉంటుంది. వడ్రంగులు లక్క పాలిష్‌ని స్పిరిట్‌లో కరిగిస్తారు కదా, ఇథనాల్ మీటరు బెండు మీద అదే పని చేస్తుంది. లక్క పోయిన బెండు పెట్రోల్ తాగి మునుగుతుంది. అప్పుడు ట్యాంకు నిండా ఉన్నా మీటరు ఖాళీ అంటుంది. కొత్త యూనిట్ కొంటే ఓమ్‌ల లెక్క మీ మీటరుకి కలవాలి. కొన్నింటికి ఖాళీ 10 ఓమ్‌లు, నిండితే 180. అమెరికన్ రకం కొన్నింటికి తలకిందులుగా ఖాళీ 73, నిండితే 10. మల్టీమీటర్ పెట్టి చూసుకునే బిగించండి.

మీటరు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. రెండో ట్యాంకు రబ్బరు మీద కూర్చోబెట్టి, పట్టీలకి కొత్త పెయింటు కొట్టి, ముచ్చటగా బిగించాక మీటరు ముల్లు చచ్చినా కదల్లేదు. యూనిట్ మార్చాం, వైరు మార్చాం. ఉస్తాద్ బీడీ పారేసి వచ్చి (ట్యాంకు దగ్గర బీడీ ఏంటని నేను అరిచాక), ఒక వైరు ముక్కతో ట్యాంకునీ ఛాసిస్‌నీ కలిపాడు. ముల్లు లేచి నిలబడింది. పాత ట్యాంకు బాడీకి నేరుగా తగిలి ఎర్త్ అయ్యేది. నేను రబ్బరు పెట్టి ఆ దారి మూసేశాను. ఎర్త్ వైరు ఒకటి శాశ్వతంగా వేయించండి. పెట్రోల్ పోసేటప్పుడు స్టాటిక్ కరెంటు పోగుపడకుండా ఉండటానికీ అది కావాలి.

తీసుకునే ముందు పరీక్ష

షాపుల్లో కంప్రెసర్ గాలి కొట్టి సబ్బు నురగ రాస్తారు. అక్కడే ఆపండి. 3 పీఎస్ఐ గాలి అంటే టైరులో ఉండే దాంట్లో పదో వంతు. కానీ 60 బై 40 సెంటీమీటర్ల రేకు మీద అది దాదాపు 500 కిలోల బరువంత తోస్తుంది. చదునైన ట్యాంకు పూరీలా ఉబ్బుతుంది. దాని బదులు ట్యాంకు నిండా నీళ్లు పోసి, మిగతా చిల్లులన్నీ మూసి, ఒక చిల్లుకి పారదర్శకమైన పైపు తగిలించి పైకి నిలబెట్టండి. పైపులో నీళ్లు ట్యాంకు పైకప్పు నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తుకి వస్తే సరిగ్గా 1 పీఎస్ఐ. అలాగే ఒక రాత్రి వదిలేయండి. పైపులో మట్టం దిగకపోతే ట్యాంకు మీది. దిగితే ఏ వెల్డు దగ్గర చెమ్మ ఉందో పొద్దున మీరే చూపించొచ్చు, వాదన అక్కర్లేదు. ఇనుప ట్యాంకయితే తర్వాత వెంటనే ఆరబెట్టండి.

ఎవరికి ఏది

బండిని యథాతథంగా ఉంచాలనుకునేవాళ్లకి పాత ట్యాంకుని బతికించుకోవడం, కుదరకపోతే అదే ఆకారంలో ఇనుప రేకుతో చేయించుకోవడం. 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారని సొంత బండికి 'వీఏ' అక్షరాలతో వింటేజ్ నంబరు తీసుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కి రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. అయితే ఆ నంబరుతో రోజూ తిరగడానికి లేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు, పెట్రోల్ పోయించుకోవడం లాంటి వాటికే బయటికి తీయాలి. నేను ఆ దారి పట్టలేదు. నాకు అనంతగిరి కావాలి.

వారం వారం తిప్పేవాళ్లకి ఇనుప రేకు చాలు, మిగిలిన డబ్బు హోస్‌లు, ఫిల్టర్ల మీద పెట్టండి. నెలకోసారి తీసేవాళ్లకి ఎస్ఎస్ 304. రెడీమేడ్ కుదిరితే, తొందరలో ఉన్నవాళ్లకి అదే. అల్యూమినియం ముచ్చట పడేవాళ్లకి. జీఐ ఎవరికీ వద్దు.

ఏది పెట్టినా మొదటి నెల ఫిల్టర్‌ని వారానికోసారి విప్పి చూడండి. పాత పైపుల్లో ఏళ్లుగా పేరుకున్న జిగురుని ఇథనాల్ కడిగి పట్టుకొస్తుంది. నాకు మూడు ఫిల్టర్లు పోయాక గాజు గిన్నె తేటపడింది.

ఇంకా, మూతి దాకా నింపకండి. బంకులో నేల కింద నుంచి వచ్చే పెట్రోల్ చల్లగా ఉంటుంది. మే నెల ఎండలో నిలబెట్టిన జీపులో అది పదిహేను డిగ్రీలు వేడెక్కితే 40 లీటర్లు అర లీటరుకి పైగా పెరుగుతుంది. ఆ అర లీటరు మూతలోంచి బయటికే వస్తుంది. తార్నాకలో నేను పోయించే బంకు కుర్రాడు ఇప్పటికీ అడుగుతాడు, "ఫుల్ కొట్టనా అన్నా?" అని. 38 దగ్గర ఆపమంటాను.